గొర్రె చెవి ఎంబడి నారాయణపేట దాక

నేను ఒక్కకాడ కుదురుగ ఉండేటోన్ని కాదు. బోర్ల బండి మీద పనిచేసిన, లారీ మీద క్లీనర్‌గ తిరిగిన, హోటళ్ళల్ల రొట్టెలు కాల్చిన, సాగర్‌ల వలలు లాగిన. నలభై ఏండ్లు దాటినయి గని నాకు సొంత పొయ్యి అంటూ లేదు. అందుకే నేను ప్రయాణం ముచ్చట చెప్తనంటె దోస్తులు నవ్వుతరు. "నీ బతుకే తిరుగుడు కదరా నర్సింహా, కొత్తగ ఏడికి పోయొచ్చినవ్" అంటరు. నిజమే. మిగిలిన తిరుగుడంత పొట్ట కోసం. ఇదొక్కటి మా బాపు కోసం. నల్లగొండ నుంచి పాలమూరు దిక్కు పోనోళ్ళు చానమంది ఉంటరు, వాళ్ళ కోసం చెప్తున్న.

నందికొండ

సాగర్ డ్యాము కట్టినప్పుడు అన్ని దిక్కుల నుంచి జనం వచ్చి పడ్డ ఊరు మాది. ఒక్క గల్లీల నాలుగు తీర్ల తెలుగు వినబడతది. మా ఎడమ పక్కింటి గుంటూరు పిన్నిగారు చేపల పులుసుల మామిడికాయ వేస్తరు. కుడి పక్కింటి దేవరకొండ అవ్వ చింతపండు తప్ప ఇంకోటి ముట్టదు. ఎవలది తిన్నా రెండో వాళ్ళకు కోపం, అందుకని నేను రెండిండ్లల్ల తింట. అసొంటి ఊర్ల మా బాపును మీదే ఊరు అని గట్టిగ అడిగినోళ్ళు లేరు. అందరు ఏడనుంచో వచ్చినోళ్ళే కదా. బాపు కాలువ పనికి పోయిండు, తర్వాత వలలు అల్లుకుంట బతికిండు. పేరు సాయిలు అని చెప్పుకున్నడు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. చుట్టం అనేటోడు మా గడప తొక్కంగ నేను చూడలే.

బాపుకు కొన్ని వింత గుణాలుండె. గొర్రె కూర ముట్టకపోతుండె. ఎవరన్న నారాయణపేట పేరెత్తితె లేసి బయటికి పోతుండె. ఇంక ఇంటికి ఏ మేకపిల్ల వచ్చినా దాని చెవులు కోయాల్సిందే. ఎడమ చెవి కొసను చీలుస్తడు, కుడి చెవి కింది అంచుకు సగం చందమామ లెక్క చిన్న ముక్క తీస్తడు. పిల్లను మోకాళ్ళ నడుమ పట్టుకునేది నా పని. కోసే ముందు బాపు ఆ చెవిల మెల్లగ ఊది "మంద తప్పకు" అంటుండె. తర్వాత కోసి బూడిద అద్దుతుండె. ఒక్క మేక ఉన్న ఇంట్ల మంద ఏడిది బాపూ అని నేను నవ్వేటోన్ని.

పోయిన చలికాలం బాపు మంచం పట్టిండని ఫోనొస్తె బోర్ల బండి దిగి ఉరికొచ్చిన. దవాఖానల నా చెయ్యి పట్టుకొని ఒక్క మాట అన్నడు.

"మా అన్నను నేనే సంపిన్రా."

ఏ అన్న, ఏడ, ఎందుకు అని ఎంత అడిగినా కండ్లు తెరవలే. తెల్లారి పాణం పోయింది. తండ్రిని మట్టిల పెట్టినంక కొడుకు ఏడ్వాలె. నాకు ఏడుపు రాలే. నేను పాతిపెట్టింది బాపునా, హంతకున్నా అని అదే సోచాయించుకుంట కూసున్న. ఆయన చిన్న కత్తి ఒకటి, చెవులు కోసేది, సంచిల వేసుకొని మళ్ళ తిరుగుడు పట్టిన.

నకిరేకల్

ఎండకాలం నిమ్మకాయల లోడింగ్ పనికి నకిరేకల్ పోయిన. రోడ్డు మీద ఊరు, పొద్దుగాల నుంచే లారీలు, ఆటోలు, హమాలీల కేకలు. మార్కెట్ల బస్తాల కొద్ది నిమ్మకాయలు, ఆ వాసనకే నోట్లె నీళ్ళూరుతయి. బయట బండి మీద నిమ్మసోడ ఇరవై రూపాయలు. "నిమ్మకాయల ఊర్ల గింత ధరేందన్నా" అని అడిగిన. "కాయ ఫ్రీ తమ్మీ, ఎండకు పైసలు" అన్నడు ఆయన. తాగినంక ధర కరెక్టే అనిపించింది.

ఆ పక్కన కోసిన పొలంల గొర్ల మంద ఉండె. ఎండకాలం పాలమూరు దిక్కు మేత దొరకక మందలు ఇటు దిగుతయి. రైతు పొలంల జాగా ఇస్తడు. మంద ఆడ పండుకుంటె పొలానికి ఎరువు, కాపరికి తిండిగింజలు. మా సాగర్ కాలువల కింద కూడ ఈ పద్ధతి ఉంది, కొత్తేం కాదు. కొత్తగ కనబడ్డది ఒక గొర్రె చెవి. ఎడమ చెవి కొసకు చీలిక. కుడి చెవికి సగం చందమామ.

ఇంకో గొర్రెను చూసిన, దానికీ అదే కోత. మిగిలిన చాన గొర్లకు ఎడమ చీలిక ఉంది గని కుడి చెవి నిండుగ ఉంది. దగ్గరికి పోయి ఒకదాని చెవి పట్టుకొని వంగిన. అంతే, ఈపు మీద కర్ర పడ్డది.

"చెవులెందుకు చూస్తున్నవ్ రా?"

మంద కాపరి మల్లేశ్. నా ఈడు మనిషి, నాకంటె రెండింతల బలం. గొర్లను ఎత్తుకపోయే దొంగలు ముందు చెవులు కోసి, ఎవల గొర్రెదో చెప్పే గుర్తు చెరుపుతరట. ఆ సంగతి నాకేం ఎరుక. సంచి గుంజుకొని కుమ్మరిచ్చిండు. లుంగీ పడ్డది, సబ్బు పడ్డది, ఆఖరుకు బాపు కత్తి పడ్డది. ఇంకేముంది, నా పని అయిపోయింది. నిమ్మకాయల సేటు ఉరికొచ్చి "వీడు నా కాడ పనోడు, దొంగతనం చేసే తెలివి లేదు వీనికి" అని చెప్తె గని విడువలే. మెచ్చుకున్నట్టా తిట్టినట్టా, ఇప్పటికీ తెల్వదు.

మల్లేశ్ కత్తిని తిప్పి తిప్పి చూసి, "గిది మా దిక్కు కమ్మరి పని. నీకెట్లొచ్చింది?" అన్నడు.

"బజార్ల కొన్న" అని అబద్ధం చెప్పిన.

ఆయన పెండ్లాం లక్ష్మమ్మ గిన్నెల అంబలి పోసి ఇచ్చింది, పక్కకు ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. దొంగ అనుకున్నోనికి కూడ అంబలి పోసే మనుషులు వాళ్ళు. ఈపు మండుతున్నా గటగట తాగిన. గా చందమామ కోత ఎవలదక్కా అని మెల్లగ అడిగిన. ఆమె మొగన్ని ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"అది సచ్చినోని కోత. మంద మా మామది. నారాయణపేట దిక్కు మాది. మా ఇంట్ల మాత్రం గా ముచ్చట ఎత్తకు అన్నా, మామకు మస్తు కోపమొస్తది."

ఊరి పేరు కూడ చెప్పింది. నాకు లెక్క కుదిరింది. సచ్చినోడంటె మా బాపు సంపిన అన్న. ఆ పాపానికే బాపు ఆయన గుర్తును మా మేకల చెవుల మీద మోసిండు. ఈ మామ అనేటాయన వాళ్ళకు ఇంకో అన్నో తమ్ముడో అయ్యుంటడు. ఇసొంటోళ్ళకు నేను ఫలానోని కొడుకునని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? చెప్పలే. గిన్నె కడిగి ఇచ్చి, తెల్లారి దేవరకొండ బస్సెక్కిన.

డిండి వాగు

దేవరకొండ దాటినంక డిండి కాడ మా బస్సు టైరు పంక్చరయ్యింది. స్టెప్నీల కూడ గాలి లేదట. డ్రైవరు టవల్ పరుచుకొని నీడకు ఒరిగిండు, ఆయనకు ఏ ఫికర్ లేదు. రోడ్డు పక్కన ముత్యాలు అనే ముసలాయన తాటిముంజలు అమ్ముతాండు. మా దిక్కు ముంజలు తీసి కవర్ల కట్టిస్తరు. ఈడ కాయ కొట్టి చేతికిస్తడు, బొటనేలు పెట్టి మనమే జుర్రుకోవాలె. అంగి నిండ నీళ్ళు కార్చుకున్న. "పట్నమోడివా" అని నవ్విండు తాత.

వాగు ఎండి ఇసుక మిగిలింది. ఇట్ల గొర్ల మందలు పోతయా తాతా అని ఊకెనే అడిగిన. ఆయన మొఖంల నవ్వు పోయింది.

"నా పడుసుతనంల ఒక మంద ఈన్నే మునిగింది కొడుకా. వాన మొదలుకాంగ ఇంటికి మళ్ళిన మంద. మందను వాగు దాటియ్యాలంటె ముంగల ఒక పొట్టేలును దించుతరు. అది దిగితె అన్ని దిగుతయి, ఇంక దేవుడొచ్చి ఆపినా ఆగవు. ఇద్దరన్నదమ్ములు. చిన్నోడు పొట్టేలుకు తాడేసి దించిండు. పైన యాన్నో వాన పడి నీళ్ళొచ్చినయి. మందంత కండ్ల ముంగలనే పోయింది. పెద్దోడు గొర్ల కోసం దునికిండు."

"చిన్నోడు?"

"ఉరికిండు. పంపకాల కాడ పంచాయితీ ఉండెనట, కావాలనే దించిండని కొందరన్నరు. నేను చూడలే, విన్నది చెప్తున్న."

చేతుల ఉన్న ముంజకాయ తినబుద్ధి కాలే. వాగుల దిగి ఇసుక మీద జరసేపు నిలబడ్డ. మా బాపు సాగర్ కట్ట మీద ఏండ్లకేండ్లు బతికిండు గని నీళ్ళల్ల మోకాలు దాటి దిగంగ నేను చూడలే. వలలు అల్లుడే, వేసుడు లేదు.

పాలమూరు

పాలమూరు బస్టాండు బయట జొన్న రొట్టె, పుంటికూర పప్పు తిన్న. రొట్టెలు కొట్టే ఆమె చేతి చప్పుడు బస్సుల హారన్లల్ల కూడ వినబడుతుండె. నేను హోటళ్ళల్ల రొట్టెలు చేసినోన్నే గని పీట మీద కర్రతోని ఒత్తుత. చేత్తోని కొట్టి అంత పల్చగ చేసుడు నాతోని కాదు. "ఒక రొట్టె కొడత ఇయ్యి అక్కా" అని అడిగి తీసుకున్న. నా చేతుల్ల అది రెండు ముక్కలయ్యింది. ఆ రెండు ముక్కలు నాకే వడ్డిచ్చి పైసలు కూడ తీసుకుంది.

కడుపు నిండినంక భయం మొదలయ్యింది. ఇటు నారాయణపేట బస్సు, అటు దేవరకొండ బస్సు. నాకు వెనక్కి పోవాలనే ఉండె, నిజం చెప్తున్న. తెల్వకుండ ఉంటె బాపు సగం మంచోడన్న మిగులుతడు. పోయి అడిగితె ఆ సగం కూడ పోతదేమో. నారాయణపేట బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డ. కండక్టరమ్మ విసిగిపోయింది.

"ఎక్కుతవా దిగుతవా అన్నా? నీ ఒక్క కాలుకు టికెట్ కొట్టనీకె రాదు."

బస్సంత నవ్విండ్రు. సిగ్గుకు ఎక్కిన. ఆమె అట్ల అనకపోతె ఈ ముచ్చటే లేకపోవు.

నారాయణపేట

ఈ ఊర్ల నడుస్తాంటె ఇంటింట్ల మగ్గం చప్పుడు. మాట తెలుగుల మొదలై కన్నడంల తిరిగి మరాఠీల ముగుస్తది. మా నందికొండ లెక్కనే ఉందని జర ధైర్యమొచ్చింది. కాకపోతె మా కాడ ఎవలి మాట వాళ్ళది, ఈడ ఒక్క నోట్లనే అన్నుంటయి.

మంచినీళ్ళ కోసం ఒక ఇంటి కాడ ఆగితె అంబక్క అనే ఆమె మగ్గం మీద ఉంది. ఎర్ర అంచు, గళ్ళ చీర. ధర అడిగిన. చెప్పింది. "పెండ్లానికా?" అంది. లేదన్న. "అక్కకా?" లేదన్న. "మరి ఎవ్వలు లేనోనివి ధరెందుకు అడిగినవ్" అని నవ్వి, జొన్న రొట్టె మీద పల్లి పొడి, నూనె వేసి పెట్టింది. ఆ పొడిని వాళ్ళు శేంగ పొడి అంటరు.

లక్ష్మమ్మ చెప్పిన ఊరి పేరు చెప్పి గొర్ల ఆసామి ఇల్లు అడిగిన.

"బీరయ్య తాతా? చూపు మొత్తం మసకైంది పాపం. అయినా చెవి తడిమి ఏ గొర్రె ఎవలదో చెప్తడు. అబద్ధం చెప్పకు ఆయనకు, దొరికిపోతవ్" అంది.

ఆ ఊరు

ఊరి పేరు రాయను. గొర్ల దొంగలు కూడ చదువుతరని ఆ ఇంటి పెద్దమనిషి గట్టిగ చెప్పిండు.

పొద్దుగాల పోయేటాలకు ఆయన దొడ్డి ముంగల గొంగడి పరుచుకొని కూసున్నడు. ఒక కాలు వంకర. కాళ్ళ కాడ నెల దాటని గొర్రెపిల్ల. గొర్లు కొననీకె వచ్చిన తాతా అన్న.

"కొనెటోడు ముందు ధర అడుగుతడు" అన్నడు. "నువ్వు ఇంతసేపయ్యింది, అడుగుతలేవు."

అంబక్క చెప్పింది నిజమే.

"సరే తీ. కొడుకు కోడలు మందతోని వలస పోయిండ్రు. ఈ పిల్లకు చెవి కోయాలె, నాకు చూపు ఆనదు. నీ చేతనైతదా?"

అయితదన్న. ఏ కోత అని అడిగిన. "ఎడమకు చీలిక. కుడికి చందమామ" అన్నడు.

సచ్చినోని కోత. ఆ కోత మా బాపు కత్తితోని, నా చేత్తోని. పారిపోదామనిపించింది గని చేతులు వాటి పని అవి చేసినయి. పిల్లను మోకాళ్ళ నడుమ పెట్టిన. ఎడమ చెవి చీల్చే ముందు అలవాటు కొద్ది మెల్లగ ఊదిన. "మంద తప్పకు" అని నోట్లకెళ్ళి వచ్చేసింది. కోసి బూడిద అద్దిన.

ముసలాయన నా మణికట్టు పట్టుకున్నడు.

"గా మాట నీకెవలు నేర్పిండ్రు? మా నాయిన ఇద్దరికే నేర్పిండు గది."

"మా బాపు."

"పేరు?"

"సాయిలు."

"కాదు" అన్నడు. నా చేతుల ఉన్న కత్తిని పిడి దాక తడిమి చూసిండు. "వాని పేరు కొమరయ్య. ఏడున్నడు వాడు?"

ఇంత దూరం మోసుకొచ్చిన మాటే ముందు బయటపడ్డది. "తాతా, మా బాపు సంపిన అన్న... ఆయన మీకేమైతడు?"

"ఎవల్ని సంపిండు?"

"వాగుల, మందను దించి, వాళ్ళ అన్నను."

ఆయన నా మొఖాన్ని కూడ గొర్రె చెవిని తడిమినట్టే రెండు చేతులతోని తడిమిండు.

"ఆ అన్నను నేనే బిడ్డా."

వాగు ఆయన్ను చాన దూరం ఈడ్చుకపోయింది. చేపలు పట్టెటోళ్ళు ఒడ్డుకు గుంజిండ్రు. కాలు ఇరిగి కదలలేక పడి ఉన్నడు. నడువొచ్చినంక వాగు పొంటి ఊరూరు తిరిగి అడిగిండు. ఒకలిద్దరు చిన్నోడు ఉరికిండన్నరు గని ఏడికో తెల్వదన్నరు, మిగిలినోళ్ళంత వాడు కూడ మునిగిండనే చెప్పిండ్రు.

"కావాలని దించిండన్నరు తాతా" అన్న, ఆఖరి ముల్లు కూడ తీసేసుకుందమని.

"ఎవడన్నది? దించుమని కేకేసింది నేనే. మబ్బు చూసి తొందరపడ్డది నేను. వాడు ఆగుదమన్నడు. నా మాట కాదనలేక దించిండు పిచ్చోడు. గది ఊర్ల అందరికి చెప్పిన, ఎవల్నీ ఒక్క మాట అననియ్యలే. చెప్పాల్సినోనికే చెప్పలేకపోయిన."

వాళ్ళల్ల ఒక పద్ధతి ఉంది. మనిషి పోతె ఆయన కోత కూడ ఆగిపోతది. ఆయన గొర్లకు పుట్టిన పిల్లలకు అన్నదమ్ముల కోత పెడతరు. వలస పోలేక ఇంటికాడ మిగిలిన ముసలి గొర్లల్ల కొన్ని మా బాపు కోతవి ఉండెనట. వాటి పిల్లలకు, ఆ పిల్లల పిల్లలకు ఈయన తమ్ముని కోతనే పెట్టుకుంట వచ్చిండు. ఇంట్లోళ్ళు తిట్టిండ్రు, కులపోళ్ళు నవ్విండ్రు, సచ్చినోని కోత అని పేరు పెట్టిండ్రు.

"కోత ఆపితె వాడు సచ్చిండని నేను ఒప్పుకున్నట్టే కదా" అన్నడు. "ఇప్పుడు చెప్పు. ఏడున్నడు?"

"పోయిన చలికాలం పోయిండు పెద్దబాపూ."

పెద్దబాపు అని ఎప్పుడన్ననో నాకే తెల్వదు. ఆయన తల వంచుకున్నడు. నా మోకాళ్ళ నడుమ పిల్ల అరుస్తనే ఉంది. ఎడమ చెవి అయ్యింది, కుడి చెవి మిగిలింది. ఇంక ఆ కోత ఆపాలె కదా అని కత్తి కింద పెట్టిన.

"కొయ్యి" అన్నడు.

"ఆయన లేడు కదా."

"నువ్వున్నవ్ కదా. కొయ్యి."

కోసిన. అప్పుడు ఏడుపొచ్చింది, బాపును మట్టిల పెట్టినప్పుడు రాని ఏడుపంత వచ్చింది. పిల్లను వదిలేసిన సంగతి కూడ తెల్వదు. అది పోయి తల్లి పొదుగు వెతుక్కుంది.

మళ్ళ నందికొండ

పెద్దబాపు నా ఎంబడి బస్సెక్కిండు. ఎవలు వద్దన్నా వినలే. కోసిన ఆ చందమామ ముక్కను గుడ్డల కట్టి రొంటిన పెట్టుకున్నడు. డిండి వాగు వచ్చినప్పుడు చెప్పుమన్నడు. చెప్పిన. "నీళ్ళున్నయా?" అని అడిగిండు. లేవు, ఇసుక ఉందన్న. నకిరేకల్ దాక చుట్టు తిరిగి పోయి మల్లేశ్‌కు సంగతి చెప్తె వాడు నా ఈపు చూసి తల గోక్కున్నడు. "అన్నవని తెలుస్తె మెల్లగ కొడుతుంటి" అన్నడు.

నందికొండల పెద్దబాపుకు గుంటూరు పిన్నిగారు ఒక పులుసు, దేవరకొండ అవ్వ ఇంకో పులుసు తెచ్చి పెట్టి, ఏది బాగుందో చెప్పుమన్నరు. ఆయన రెండూ కలుపుకొని తిన్నడు. ఇన్నేండ్లల్ల నాకు ఆ తెలివి రాలే.

పొద్దు వాలంగ బాపును పెట్టిన మట్టి కాడికి తోలుకపోయిన. ఆయన నా చెయ్యి విడిచి, వంగి, తలాపు దిక్కు ఏదో చేత్తోనే తడిమి తెలుసుకున్నడు. చిన్న గుంత తీసి చెవి ముక్క పెట్టి మన్ను కప్పిండు. తర్వాత మొఖం మట్టికి ఆనించి, చెవిల ఊదినట్టు మెల్లగ ఊదిండు.

"గొర్లు పోతె పోయినయి. నువ్వెందుకు పోయినవ్ రా తమ్మీ" అన్నడు.